తలుపు లేని పట్టాళం వ్యాను

జయరామప్ప ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే నా మూడువందల యాభై రూపాయలు నా దగ్గరే ఉండేవి. తెలిసీ చెప్పలేదు. అతను ఎవరో దారిన పోయేవాడు కాదు, నా భార్య నంజమ్మకు స్వయానా అన్న. పండగకు పిలిచి కాళ్ళకు నీళ్ళిచ్చిన మనిషి. బయటివాడు ముంచితే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోతాం. ఇంటివాడు ముంచితే ఆ తడి ఆరదు. నాకు నలభై ఏడేళ్ళు వచ్చాయి, ఇంకా ఆరలేదు.

అది 1963. మామిడి కాపు దిగడానికి నెల ముందు.

మూడో తరగతిలో బడి మానేసిన నాటి నుంచి నాకు తెలిసిన చదువు ఎద్దులే. మా ఊరు కృష్ణగిరికి మూడు మైళ్ళు. రెండు బండ్లు, రెండు జతల ఎద్దులు పెట్టుకుని బాడుగ తోలేవాణ్ణి. సంత రోజున పోచంపల్లిలో దళారి పని. ఎద్దు కొనాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, "మాదప్పను పిలువు" అనేవాళ్ళు. కొమ్ములకు నూనె పట్టించి నునుపు చేసినా, పళ్ళు అరగదీసి వయసు దాచినా, సారాయి తాపి హుషారు చేసి తెచ్చినా, దూరం నుంచి నడక చూసి చెప్పేసేవాణ్ణి.

ఏడాదిలో మూడు నెలలు మామిడి బాడుగ. కృష్ణగిరిలో మండీ నడిపే శ్రీరంగప్ప సరుకు కావేరిపట్టణం తోటల నుంచి హోసూరు చేర్చేది మా బండ్లే. హోసూరు దాటితే మైసూరు రాష్ట్రం. అక్కడికి పోయే పర్మిట్టు ఉన్న బెంగుళూరు లారీ పొద్దున పదింటికి హోసూరు వచ్చి కాయలు ఎక్కించుకుని పోతుంది. ఆ మూడు నెలల బాడుగే మా ఇంటికి ఏడాది తిండి.

ఆ ఏడు శ్రీరంగప్ప నన్ను పిలిచి కూర్చోమని కూడా అనకుండా చెప్పేశాడు.

"నీ ఎద్దులు హోసూరు చేరే లోపల నా కాయ పండై, పండు కుళ్ళుతా ఉండాది మాదప్పా. ఈ ఏడు మోటారు బండి ఉండేవానికే బాడుగ. నువ్వు తెస్తే నీకే ఇస్తా. తేలేదంటే నాకు చెప్పేసెయ్, ఇంకొకన్ని చూసుకుంటా."

"తెస్తా అన్నా."

"ఏం తెస్తావు?"

"మోటారు బండి."

అతను నవ్వలేదు. అదొక్కటే ఆ రోజు నాకు దక్కిన మర్యాద.

పోచంపల్లి సంతలో నాలుగు ఎద్దుల్ని, రెండు బండ్లను అమ్మాను. అన్నీ కలిపి రెండువేల రెండువందలు వచ్చాయి. అమ్మినవాడు పగ్గం తన దగ్గరే ఉంచుకోవాలి, కొన్నవాడు కొత్తది తెచ్చుకోవాలి. అది సంత ఆచారం. నాలుగు పగ్గాలు ఒడిలో పెట్టుకుని బస్సులో ఇంటికి వచ్చాను. పక్కన కూర్చున్న ఆమె, "తాళ్ళు అమ్ముతావా అన్నా?" అని అడిగింది. పగ్గాలను తువ్వాలు కింద దాచుకున్నాను.

మర్నాడు టీకొట్లో జయరామప్ప దొరికాడు. దొరికాడనడం తప్పు, నా కోసమే వచ్చి కూర్చుని ఉన్నాడు. చేతికి గడియారం, జేబులో పెన్ను. మా ఊళ్ళో బెంగుళూరు ఎక్కువసార్లు చూసిన మనిషి.

"ఏం మాదప్పా, వ్యాను కొంటావంట? ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసినట్ల ఇంజను నోరు తెరిచి చూస్తావా ఏం?"

టీకొట్టు మొత్తం నవ్వింది. అక్కడ ఉన్నవాళ్ళలో సగం మందికి ఎద్దులు ఎంచి ఇచ్చింది నేనే.

"నవ్వితే నవ్వు బావా. నీకు తెలిసిన బండి ఉంటే చూపించు."

"దానికే కదా వచ్చింది. కృష్ణగిరిలో గుర్రప్ప అని ఉండాడు. పాత బండ్లు కొని అమ్ముతాడు. ఆయప్పకాడ నీలం వ్యాను ఒకటి ఉండాది, కొత్త పెండ్లికూతురు మాదిరి. మూడువేలు అంటాడు. నీకు తక్కువ పడేది నేనిస్తా. దానికి బదులు ఆ బావి పక్క చేను నా పేరున రాసియ్యి. అంతే."

ఆ చేను నంజమ్మది. వాళ్ళ నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరా అయిదు సెంట్లు. దాని గట్టు దాటితే జయరామప్ప పొలం. మధ్యలో బావి, ఇద్దరికీ సొంతం. వాళ్ళ నాయన పోయినప్పటి నుంచి జయరామప్ప ఆ చేను పక్కన నడిచినప్పుడల్లా మెల్లగా నడిచేవాడు. నేను చూసి కూడా పట్టించుకోలేదు.

ముందు బండి చూద్దాం, చేను కాగితం తరువాత అని ఇద్దరం గుర్రప్ప షెడ్డుకు పోయాం. నీలం వ్యాను ముందర రెండు సీట్లు, వెనక సరుకు వేసుకోవడానికి తెరిచిన తొట్టి. రంగు మెరుస్తోంది. అద్దానికి ప్లాస్టిక్ పూలదండ. గుర్రప్ప తాళం తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. శబ్దం కూడా మెత్తగా, పాలు కాగుతున్నట్లు. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉంది. మధ్యాహ్నం ఎండ అనుకున్నాను. ఎద్దు అయితే నేను ఆ తప్పు చేసేవాణ్ణి కాదు.

సంతలో ధర నోటితో చెప్పం. చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుని వేళ్ళతోనే బేరం చేస్తాం. కుదిరాక అడ్వాన్సు చేతిలో పెట్టి, "ఎనిమిది దినాల మాట" అంటాం. అంటే తరువాతి సంత దాకా ఎద్దు కొన్నవాడి దగ్గర ఉంటుంది. కాడి కింద పడుకున్నా, తన్నినా, మేత ముట్టకపోయినా తిరిగి తోలుకొచ్చి కట్టేస్తే అమ్మినవాడు డబ్బు వాపసు ఇచ్చేయాలి. కాగితం ఉండదు. ఇరవై ఏళ్ళలో ఆ మాట తప్పినవాళ్ళను ఇద్దరినే చూశాను. ఆ ఇద్దరూ మళ్ళీ పోచంపల్లిలో ఒక దూడను కూడా అమ్మలేకపోయారు.

నా తెలివితక్కువ అంతా అక్కడే ఉంది. ఎద్దుకు ఉన్న మాట వ్యానుకు కూడా ఉంటుందనుకున్నాను.

జయరామప్ప భుజం మీది తువ్వాలు తీసి గుర్రప్ప చేతి మీదా నా చేతి మీదా కప్పాను. గుర్రప్పకు వేళ్ళ లెక్క తెలియదు. ఊరికే నవ్వుతూ చెయ్యి ఇచ్చాడు. మూడువందల యాభై అతని చేతిలో పెట్టి, "ఎనిమిది దినాల మాట కదా?" అని పైకే అడిగాను. గుర్రప్ప జయరామప్ప వైపు చూశాడు. జయరామప్ప వేపచెట్టు మీద కాకిని చూస్తున్నాడు.

"ఆఁ, ఆఁ" అన్నాడు గుర్రప్ప.

ఆ కాకిని చూడకుండా నా వైపు చూసి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు జయరామప్ప. దాని గురించే నేను మొదట చెప్పింది.

నాకు మోటారు తోలడం రాదు కాబట్టి వ్యానును ఇంటికి తెచ్చిపెట్టమని పిల్లప్పను పిలిచాను. పిల్లప్ప పద్నాలుగేళ్ళు పట్టాళంలో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. మా ఊరి చివర, వాళ్ళ వీధి పక్కన రేకుల షెడ్డు వేసుకుని నీళ్ళ మోటార్లు రిపేరు చేస్తాడు. పట్టాళం పోకముందు వాళ్ళ వీధివాళ్ళందరి మాదిరిగా మమ్మల్ని "సామీ" అనేవాడు. తిరిగి వచ్చాక "అన్నా" అనడం మొదలుపెట్టాడు. జయరామప్పకు అదొక మంట.

దారి పొడవునా పిల్లప్ప ఇంజను వైపు చెవి పెట్టి తోలాడు. దిగేటప్పుడు, "పొద్దున్నే ఒగసారి చల్లగా ఉండేటప్పుడు చూడన్నా" అన్నాడు.

ఎద్దు కొన్న మర్నాడు నేను ముందు ఎద్దును చూడను, అది పడుకున్న చోటు చూస్తాను. పేడ ఎట్లుంది, నేల ఎంత గీకింది అని. వ్యాను నిలబెట్టిన చోట వంగి చూశాను. మధ్యలో అన్నం తినే తళిగంత నల్లటి మరక. చెయ్యి పెడితే జిగురు. తాళం తిప్పితే ఇంజను కదల్లేదు. పిల్లప్ప వచ్చి ముందర ఇంజను తిప్పే ఇనప కమ్మీ పెట్టి ఇరవై చుట్లు తిప్పాడు. దగ్గింది, ఆగింది.

"నిన్న ఒగ్గసారికే అందుకున్నదే?"

"నువ్వు వచ్చే ముందు అరగంట ఆడించి పెట్టింటారన్నా. బానెట్టు వేడిగా ఉండెనా?"

నేను నా అరచెయ్యి చూసుకున్నాను. పిల్లప్ప ఒక తట్ట తెప్పించి వ్యాను కింద దూరాడు. గేరుపెట్టె అడుగున బిరడా తీస్తే నల్లటి ముద్ద దిగింది. దాన్ని వేళ్ళతో నలిపి నా ముఖం దగ్గర పెట్టాడు.

"చూడన్నా. రంపపు పొట్టు."

"దీనిలో ఎందుకేస్తారు?"

"లోపల గేరు పండ్లు అరిగిపోయినాయి. పొట్టు ఏస్తే సద్దు వినపడదు. మట్టంగా ఉండే రోడ్డు మీద నాలుగు దినాలు మెత్తగా పోతాది. బరువేసి ఎక్కుడు ఎక్కించితే నిలిచిపోతాది."

"ఎద్దుకు సారాయి తాపినట్ల."

"అంతేన్నా. మత్తు దిగేదాకా మంచి ఎద్దే."

నంజమ్మ తట్టలో ఆ ముద్దను చాలాసేపు చూసింది. "మా అన్నకు ఇది తెలుసునా?" అని అడిగింది. తెలియదని చెప్పాలనిపించింది. తట్ట ఎత్తి గోడ పక్కకు జరిపాను.

మూడో రోజే వ్యానును ఎట్లాగో లేపించి పిల్లప్ప చేత తోలించుకుని గుర్రప్ప షెడ్డు ముందు నిలబెట్టాను. జయరామప్ప అక్కడే కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఎనిమిది దినాలు కాలేదు గుర్రప్పా. బండి తెచ్చి కట్టేసినా. నా దుడ్డు నాకియ్యి."

"కట్టేసినావా?" గుర్రప్ప తన మనుషుల వైపు తిరిగాడు. "రేయ్, వ్యానుకు గడ్డి ఏయండ్రా. ఏమప్పా, తన్నిందా? మేత తినలేదా?"

"మాట ఇచ్చినావు. తువ్వాలు కింద చెయ్యి పట్టుకొని ఆఁ అన్నావు."

"తువ్వాలు కింద నా చెయ్యి చెమట పట్టిపోయింది. ఎప్పుడు వదుల్తావా అని ఆఁ అంటి. కాగితం ఉంటే చూపించు, ఇప్పుడే ఇచ్చేస్తా."

"నువ్వు ఉంటివి కదా బావా, చెప్పు."

జయరామప్ప గడియారం చూసుకున్నాడు. "నేనేం చెప్పేది మాదప్పా? మోటారుకు ఆ ఆచారం లేదని చంటిబిడ్డకు తెలుసు. నీకు తెలుసనుకుంటిని. ఇప్పుడేమి, బండి తీసుకో. రిపేరుకు కూడా నేనే ఇస్తా. ఎట్లా చేను కాగితం రాసుకుంటాం కదా, దాంట్లో కలిపేద్దాం."

అప్పుడు వెలిగింది నాకు. బావి పక్క మెల్లగా నడిచిన నడక, టీకొట్టు నవ్వు, కాకి, అన్నీ ఒక్కటే దారి. వ్యాను ఎంత ఎక్కువ పాడైతే చేను అంత త్వరగా అతని చేతికి పోతుంది. ఎద్దు నడక దూరం నుంచి చూసి చెప్పేవాణ్ణి, మనిషి నడక పదేళ్ళు చూసి చెప్పలేకపోయాను.

వ్యాను తాళాన్ని గుర్రప్ప ముందు నేల మీద పెట్టి వచ్చేశాను. డబ్బు పోయింది. పోనీ. చేను మాత్రం మా చేతిలోనే ఉంది.

మామిడి కాపుకు పద్దెనిమిది రోజులు మిగిలాయి. ఎద్దులు లేవు, బండ్లు లేవు, చేతిలో ఉన్నది పద్దెనిమిది వందల యాభై. ఆ డబ్బుకు ఇంకెవరి దగ్గరా వ్యాను రాదు. పిల్లప్ప షెడ్డు వెనక అతని సొంత వ్యాను ఉండేది. పట్టాళం వాళ్ళు వేలం వేస్తే బెంగుళూరులో కొన్నదట. క్వారీ నుంచి రాళ్ళు తోలేవాడు. ఎండిన పేడ రంగు. ఎడమ పక్క తలుపు లేదు. ఇదివరకు దాన్ని చూసి నేనూ నవ్వినవాణ్ణే.

"అమ్ముతావా?"

"అమ్ముతానన్నా."

"తప్పులు చెప్పు."

"తలుపు లేదు. హారను లేదు. వెనక టైర్లు రెండూ అరిగినాయి. ఎక్కుడులో నీళ్ళు ఎక్కువ తాగుతాది. వానొస్తే నువ్వు తడుస్తావు."

సంతలో చిన్న తప్పులు ముందే చెప్పి పెద్దది దాచేవాళ్ళను చాలామందిని చూశాను. అందుకని పిల్లప్ప మాట నమ్మలేదు. మూడు పొద్దులు వరసగా, అతను నిద్ర లేవకముందే పోయి చూశాను. బానెట్టు మీద చెయ్యి పెడితే రాయి మాదిరి చల్లగా ఉంది. కింద నేల పొడిగా ఉంది, నీళ్ళ చుక్కలు తప్ప. కమ్మీ తిప్పితే మూడో చుట్టుకు అందుకుంది, మూడు రోజులూ మూడో చుట్టుకే. చక్రాలు ఒక్కొక్కటే పైకి లేపించి ఎద్దు కాలు పట్టి లాగినట్లు లాగి చూశాను. గేరుపెట్టె నూనె తీయించి తెల్ల గుడ్డలో వడగట్టించాను. నల్లగా ఉంది, పలచగా ఉంది, అంతే.

ఆ తరువాత క్వారీ గుట్టకు పోయాం. తొట్టి నిండా రాళ్ళు వేయించాను. ఎక్కుడు సగంలో ఆపమన్నాను.

"ఈడ ఎందుకన్నా? పైకి పోయి ఆపుదాము."

"ఈడనే. బరువుతో సగం ఎక్కుడులో నిలబెట్టి మళ్ళీ లేపితే లేచేదే ఎద్దు. తక్కినవన్నీ కొమ్ములు."

పిల్లప్ప ఆపాడు. మళ్ళీ లేపాడు. లేచింది. ఇంకొకసారి అన్నాను. ఆపాడు. లేచింది. అయిదోసారికి పిల్లప్పకే విసుగు పుట్టింది. "పట్టాళంలో కూడా ఇంత చూడలేదన్నా" అన్నాడు.

"బండి ఎంతకిస్తావు?"

"రెండువేల ఆరువందలు ఇస్తానని ధర్మపురి ఆయన అడిగి పోయినాడు. నువ్వు అంతే ఇయ్యి. కాని ఒగ మాట. నీకు తక్కువ పడేది నాకు రూపాయల్లో వద్దు. భూమి ఇయ్యి."

నేను అతని ముఖం చూశాను.

"పట్టాళం దుడ్డు పెట్టుకొని ఏడేండ్లుగా అడుగుతా ఉండానన్నా. మా వీధోనికి ఈ ఊర్లో సెంటు భూమి ఎవురు అమ్మినారు చెప్పు? రెండింతలు ఇస్తానన్నా అమ్మలే. నువ్వు అమ్ముతావా? బావి వైపు తునక ఇస్తే చాలు. ఇప్పుడే వద్దు. నీకు మామిడి బాడుగ దొరకనీ, ఆ పైన రాసియ్యి. దొరక్కపోతే నా బండి నాకు, నీ దుడ్డు నీకు. సీజను మూడు నెలలూ నేనే తోల్తా, నీకూ నేర్పిస్తా."

ఆ చేను నాది కాదు. ఇంటికి పోయి నంజమ్మకు చెప్పాను. ఆమె రాగులు చెరుగుతోంది. చెరగడం ఆపకుండానే విన్నది.

"ఇదో, నేనొకటి అడుగుతా. పిల్లప్పకు ఇస్తే బావి నీళ్ళు ఆయప్పకూ వంతు వస్తుంది కదా?"

"వస్తుంది."

"మా అన్న చేనికి ఆనుకొనే ఉంటాడు కదా?"

"గట్టు ఆనుకొనే."

ఆమె చేటను కింద పెట్టింది. "మా నాయన నాకు ఇచ్చినప్పుడు మా అన్న మూడు దినాలు అన్నం తినలే. ఇప్పుడు ఇంకో మూడు దినాలు తినడు. రాసిద్దాం. కాని ఫస్టు ఆ బండి హోసూరు చేరనీ."

విషయం ఊళ్ళో పాకింది. రెండో రోజుకే జయరామప్ప, గుర్రప్ప కలిసి శ్రీరంగప్ప దగ్గరకు పోయి, నీలం వ్యాను మాదే, బాడుగ మాకు ఇయ్యి అన్నారు. గేరుపెట్టెలో కొత్త పొట్టు పడి ఉంటుంది. శ్రీరంగప్పకు ఎవరి మీదా ప్రేమ లేదు, పగా లేదు. అతనికి ఉన్నదల్లా కాయ మీద భయం.

"రెండు బండ్లకూ చెరి నలభై గంపలు ఏస్తా. శుక్రవారం పొద్దున ఆరింటికి కావేరిపట్టణం తోటలో బయలుదేరండి. నేను ముందే బస్సుకు పోయి హోసూరులో కూర్చుంటా. పదింటి లోపల ఎవురు చేరితే సీజను వాళ్ళది. ఇద్దరూ చేరితే చెరిసగం."

శుక్రవారం తోటలో గంపలు ఎక్కిస్తుంటే జయరామప్ప ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మా వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం పిల్లప్పా, తలుపు యాడ పారేసినావు?"

"చైనావాడు ఎత్తుకొని పోయినాడన్నా."

గంపలెత్తే ఆడవాళ్ళు కొంగులు నోటికి పెట్టుకున్నారు.

"హారనన్నా ఉందా దీనికి?"

"హారను లేదన్నా, బండి ఉండాది."

నీలం వ్యాను గట్టిగా హారను కొట్టుకుంటూ ముందు వెళ్ళిపోయింది. కృష్ణగిరి దాటేటప్పటికే కనబడకుండా పోయింది. పిల్లప్ప తొందరపడలేదు. తలుపు ఉండాల్సిన చోట ఎద్దుల పగ్గాల్లో ఒకటి అడ్డంగా కట్టాను, దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఈ రోజు చేరకపోతే మా ఇంట్లో వచ్చే నెలకు రాగులు లేవు. ఎద్దులు లేని బండివాడు ఎవరి గుమ్మంలోనైనా కూలివాడే. నిజం చెప్పాలంటే జయరామప్ప గుమ్మంలోనే.

మేలుమలై దగ్గర రోడ్డు పైకి లేస్తుంది. మలుపు తిరిగితే ఎదురుగా నీలం వ్యాను. ఎక్కుడు నడిమధ్యలో, రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయి ఉంది. బానెట్టు తెరిచి ఉంది, పొగ. చక్రం వెనక రాయి. గుర్రప్ప గేరు వేస్తే లోపల రాళ్ళు నలిగిన చప్పుడు, బండి ముందుకు కదలక ఆ రాయి మీదికే జారుతోంది. పక్కన మిగిలిన సందులో పై నుంచి సేలం బస్సు దిగుతోంది. మాకు ఆగక తప్పలేదు.

ఏ చోట ఆగకూడదో ఆ చోటే ఆగాం. నలభై గంపల బరువు వెనక్కు లాగుతోంది.

"అన్నా, దిగు! కట్టె!"

నేను సీటు కింది కట్టె లాక్కుని దూకి చక్రం వెనక పెట్టాను. బస్సు మమ్మల్ని రాసుకుంటూ దిగిపోయింది. కిటికీల్లోంచి జనం తొంగి చూశారు.

"పెట్టినావా?"

"పెట్టినా!"

"నేను చెప్పేదాకా తియ్యద్దు!"

ఇంజను అరిచింది. వ్యాను జానెడు వెనక్కు వచ్చి కట్టె మీద కూర్చుంది. కట్టె కిర్రుమంది. నా చేతులు కట్టె పక్కనే ఉన్నాయి. తీయాలని కూడా తోచలేదు. క్వారీ గుట్ట మీద లేచిన బండి ఇక్కడ లేవకుండా పోతుందా అనుకుంటూనే, కట్టెను ఇంకొంచెం లోపలికి నెట్టాను. వ్యాను ఒళ్ళంతా ఒకసారి దులుపుకున్నట్లు వణికి, కదిలింది. నాకు తెలియకుండానే, "హై! హై! పో నాయనా!" అని ఎద్దుల్ని అదిలించినట్లు అరుస్తూ వెంట పరుగెత్తాను. పిల్లప్ప లోపల నుంచి, "నేనేమి ఎద్దునా అన్నా? ఎక్కు!" అని కేకేశాడు. పగ్గం పట్టుకుని ఎక్కేశాను.

నీలం వ్యానును దాటేటప్పుడు జయరామప్ప రోడ్డు పక్క నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కాకు నూనె మరకలు. నేను అతని వైపు చూసి ఒక్క మాట అనలేదు. ఆకాశంలో కాకి కోసం వెతికాను. ఆ పూట ఒక్క కాకి కూడా లేదు.

శూళగిరిలో రేడియేటరుకు రెండు బిందెల నీళ్ళు పోశాం. హోసూరు చేరేసరికి శ్రీరంగప్ప గడియారంలో పదికి పదహారు నిమిషాలు తక్కువ. అతను గంపలు ఒక్కొక్కటీ దించి చూశాడు. ఒక్క కాయ నలగలేదు.

"రెండోది యాడ?"

"మేలుమలై ఎక్కుడులో ఎండ కాచుకుంటా ఉండాదన్నా."

"నా నలభై గంపలు!" అతని ముఖం పాలిపోయింది. "లారీని ఒంటిగంట దాకా ఆపుతా. పోయి తెస్తావా మాదప్పా?"

నలుగురిలో "పోయి తెస్తావా" అని ఒక వ్యాపారి నన్ను అడగడం అదే మొదటిసారి. ఎప్పుడూ "తీసుకురా" అనేవాళ్ళే.

"బాడుగ ఇస్తే తెస్తా."

"రెండింతలు ఇస్తా, పో!"

మళ్ళీ పోయాం. జయరామప్ప చింతచెట్టు నీడలో తువ్వాలు తలమీద వేసుకుని కూర్చున్నాడు. గుర్రప్ప కనబడలేదు.

"ఆయప్ప యాడ బావా?"

"బస్సెక్కినాడు." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నన్నొదిలి పెట్టి పోయినాడు."

గంపలు ఈ తొట్టిలో నుంచి ఆ తొట్టిలోకి మార్చాలి. మనుషులు లేరు, ఉన్నది మేం ముగ్గురమే. జయరామప్ప గడియారం విప్పి జేబులో వేసుకుని గంపలెత్తాడు. నేను లెక్కపెట్టాను, పదమూడు గంపలు ఎత్తాడు. పిల్లప్ప తొట్టిలో నిలబడి, "ఇట్ల ఇయ్యన్నా, జాగ్రత్తన్నా, కాయ నలుగుతాదన్నా" అంటూ అందుకున్నాడు. ప్రతి "అన్నా"కూ జయరామప్ప దవడ బిగుసుకోవడం చూశాను. అంత సుఖం నాకు పెళ్ళినాడు కూడా లేదు.

అతన్ని ముందర చివర కూర్చోబెట్టాను. "తలుపు లేదు బావా. తాడు గట్టిగా పట్టుకో."

హోసూరు దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకు పది నిమిషాల ముందు రెండో లోడు లారీకెక్కింది. శ్రీరంగప్ప కిళ్ళీకొట్టు నుంచి తమలపాకులు తెప్పించి, వక్క పెట్టి నా చేతికిచ్చాడు. "సీజను నీది" అన్నాడు. రెండో ఆకు పిల్లప్పకిచ్చాడు. మూడోది ఎవరికీ ఇవ్వలేదు.

మరుసటి సోమవారం మేం కృష్ణగిరి రిజిస్ట్రారు ఆఫీసుకు పోయాం. నంజమ్మ, నేను, పిల్లప్ప. మాట ఇచ్చాం కాబట్టి. కాగితం మీద కూడా పెట్టాలని నేర్చుకున్నాం కాబట్టి. జయరామప్పకు ఎవరు చెప్పారో, బస్సు దిగి పరుగున వచ్చాడు.

"నంజమ్మా, నీకు బుద్ధుందా? ఈయప్ప మన నాయన తవ్విచ్చిన బావిలో నీళ్ళు తోడుకుంటాడా?"

"తోడుకుంటాడన్నా. నీళ్ళ వంతు శనివారం ఆయప్పది, ఆదివారం నీది. పొద్దు తప్పి రావద్దు."

"నేను రెండింతలు ఇస్తాను, నాకు రాసియ్యి!"

పిల్లప్ప పట్టాళంలో నేర్చుకున్న పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో తన పేరు నిదానంగా రాశాడు. గుమాస్తా తలెత్తి ఒకసారి అతన్ని చూసి, కూర్చోమని బెంచీ చూపించాడు. నంజమ్మ వేలిముద్ర వేసింది. సాక్షిగా నేను సంతకం పెట్టాను. జయరామప్ప గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, అతన్ని ఎవరూ కూర్చోమనలేదు.

గుమాస్తా కాగితం పైకి చదివి వినిపించాడు. జయరామప్ప మొత్తంగా అడిగిన ఎకరా అయిదు సెంట్లలో బావి వైపు నుంచి మాకు పోయింది నలభై రెండు సెంట్లు.